జాడపాలు

"మీ మిషను అబద్ధం చెప్పదంట కదా, నిజమేనా పాపా?"

ఓబులమ్మ నా బల్ల ముందు నిలబడి అడిగిన మొదటి మాట అది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. వెనక గుమ్మం దగ్గర ఆమె కోడలు రెడ్డెమ్మ, చంకలో నాలుగేళ్ళ కూతురితో నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే అత్త ముఖం చూసింది. అక్కడేం కనిపించిందో గానీ అడుగు ముందుకు వెయ్యలేదు. పిల్ల మాత్రం నా బల్ల మీద ఉన్న రంగు పెన్నుల్ని కన్నార్పకుండా చూస్తోంది.

"అబద్ధం చెప్పడానికి దానికంత తెలివి లేదు పెద్దమ్మా," అన్నాను.

సరదాకి అన్న మాట అది. ఆమె నవ్వలేదు.

"అయితే దీని ఊపిరి చూడు. నా కొడుక్కి రోగం అంటించింది ఇదే. వీళ్ళ నాయన దగ్గి దగ్గి సచ్చినాడు. పెండ్లప్పుడు ఆ మాట మాకు చెప్పనే ల్యా. నువ్వు తేల్చి చెప్పితే దీన్ని పుట్టింటికి తోలేస్తా. పిల్లను మాత్రం ఇయ్యను. అది నా కొడుకు బిడ్డ."

రెడ్డెమ్మ పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

ఓబులమ్మ కొడుకు కేశవులు నాకు బాగా గుర్తు. టమాటా లారీ నడిపేవాడు. మా కొండ మీది క్షయ ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డులో చివరి మంచం అతనిది. మాత్రలకు లొంగని రకం జబ్బుతో వచ్చి, ఎముకల గూడై, రెండేళ్ళ కిందట పోయాడు. పోయేముందు దాకా జోకులు వేస్తూనే ఉన్నాడు. టమాటా ధర పడిపోయినప్పుడు లారీ ఎంత తేలిగ్గా ఉంటుందో తన ఒళ్ళు అంత తేలిగ్గా ఉందనేవాడు. జాడపాలు తాగడానికి ఒప్పుకున్న మొదటి రోగుల్లో అతనొకడు.

జాడపాలు నా ఆలోచనే. దాచుకోవడం దేనికి, ఆ రోజుల్లో నాకు దాని మీద చాలా గర్వం కూడా ఉండేది.

క్షయ క్రిమి తిండి దగ్గర మహా దొంగ. మనిషి ఒంట్లో దూరి, ఆ మనిషి కొవ్వే తిని, ఆ కొవ్వుతోనే తన చుట్టూ మైనంలాంటి గోడ కట్టుకుంటుంది. కాస్త లోపల మూట కూడా కట్టుకుంటుంది. కాలం కలిసిరాకపోతే ఆ గోడ మధ్య ముడుచుకుని పడుకుంటుంది. ఏళ్ళ తరబడి తినదు, పెరగదు, చావదు. దగ్గుతో ఒకరి నుంచి ఇంకొకరి ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడ పడుకున్నా, మూటలో ఉన్నది మాత్రం మొదటి మనిషి కొవ్వే. ఆ కొవ్వుకు ముందే ఒక గుర్తు పెడితే ఎలా ఉంటుంది? నాకు తట్టింది ఇంతే.

వార్డులో రోగులకు రోజూ గ్లాసెడు పాలు ఇస్తారు. ఆ పాల వెన్నలో మామూలు కార్బన్ ఉన్న చోట అక్కడక్కడ కాస్త బరువైన కార్బన్ కూర్చాం. రుచి మారదు, ఒంటికి హాని లేదు. ఒక్కో రోగికి ఒక్కో కూర్పు. కేశవులు గుర్తు ఇంకెవరికీ ఉండదు. తర్వాత వాళ్ళ ఇంటివాళ్ళను పిలిచి, నిద్రపోతున్న క్రిమిని లేపే ప్రోటీన్‌ను ఆవిరిగా పీల్పిస్తాం. లేచిన క్రిమి ఆకలితో ముందు తన మూట విప్పుకుని తింటుంది. ఆ తిన్నది పొగలా ఊపిరిలో బయటికి వస్తుంది. సంచిలోకి ఊదమంటాం. అందులో క్రిమి పొగ అసలు ఉందా, ఉంటే ఎవరి గుర్తు ఉందో మిషన్ చెబుతుంది. మేలుకున్న క్రిమికి మామూలు మాత్రలు చాలు, చచ్చి ఊరుకుంటుంది. జబ్బు పోతుంది, ఎక్కణ్ణించి వచ్చిందో కూడా తెలుస్తుంది.

లాబ్ గోడ మీద చుట్టుపక్కల ఊళ్ళ పటం తగిలించి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎర్ర బాణాలు గీశాం. చూడటానికి వచ్చినవాళ్ళంతా ఆ పటం ముందు నిలబడి ఫొటోలు దిగేవారు. మా డైరెక్టర్ వరదాచారిగారైతే ప్రతి ఒక్కరికీ నన్ను చూపించి, "ఇదంతా మా హైమ బుర్ర," అని చెప్పేవారు. అడిగిన కుటుంబాలకు వాళ్ళ బాణం ఎటు నుంచి ఎటో చెప్పేవాళ్ళం. చెప్పాక ఆ ఇళ్ళల్లో ఏమైందో అడగాలని నాకు తోచలేదు.

రెడ్డెమ్మను అద్దాల గదిలో కూర్చోబెట్టి ఆవిరి పట్టించాను.  "మేడం, ఇదొస్తే నా బిడ్డను నాకియ్యరు," అని గొణిగింది. ఆ తర్వాత సంచి మూతికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరంతా ఊడ్చి ఊదింది.

మిషన్ కాగితం ఖాళీగా వచ్చింది. కేశవులు గుర్తు లేదు, ఇంకెవరి గుర్తూ లేదు. అసలు ఆమె ఒంట్లో నిద్రపోతున్న క్రిమి ఒక్కటి కూడా లేదు. ఏమీ లేని మనిషి ఎవరికీ ఏమీ ఇవ్వలేదు.

"సరిగ్గా ఊదింటే కదా," అంది ఓబులమ్మ.

"మరి మీరు ఊదండి పెద్దమ్మా. సరిగ్గా ఎలా ఊదాలో చూపిద్దురుగాని."

ఆ మాట నా నోటి దురుసు. కానీ కొడుకును చివరి దాకా చూసుకున్న మనిషి కాబట్టి ఆమెను ఎలాగూ పరీక్షించాల్సిందే. ఆమె ఆవిరి పీల్చి ఊదింది. మిషన్ ముల్లు చివరంటా లేచింది. కేశవులు గుర్తు, ఏ అనుమానానికీ తావు లేకుండా.

నేను బయటికి వచ్చి చెప్పాను. నీ కొడుకు దగ్గర్నుంచి నీకు వచ్చింది, ఇప్పుడు నీ ఊపిరిలో బయటికి వస్తున్నది అతని ఒంట్లోదే, అన్నాను. ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అరచెయ్యి రొమ్ము మీద పెట్టుకుని, పసిబిడ్డను నిద్రపుచ్చేటట్టు మెల్లగా తట్టింది.

"వాడు ఇంగా నాలో ఉండాడా పాపా?"

"వాడు కాదు పెద్దమ్మా, వాడి కొవ్వు తిన్న క్రిమి..."

"ఉండడా మరి," అంది, నా మాట వినకుండానే. ఆ ముఖంలో రెండేళ్ళుగా లేని వెలుగేదో వచ్చింది. "వాని పాలన్నీ నేనే కదా తాగింది."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఏ పాలు?"

"ఈ వార్డులో ఇస్తాండ్రి కదా, ఆ పాలు. వానికి పాల వాసన పడదు, చిన్నప్పటి నుంచీ అంతే. నువ్వు తాగు మా, నేను తాగినట్లే అని నా లోటాలోకి వంచేస్తాండె. ఒద్దంటే మొండికేసుకుని కూర్చుంటాండె. నేను తాగితేనే మాత్రలు మింగుతానంటాండె."

చేతిలో కాగితం మీది కేశవులు గుర్తును మళ్ళీ చూశాను.

ఆ సాయంత్రమే వార్డులో వాకబు చేశాను. కేశవులు ఒక్కడే కాదు. అందరూ అంతే. చూడవచ్చిన భార్యకు సగం, తమ్ముడికి ఒక గుక్క, పక్క మంచం ముసలాయనకు కాస్త. ఒకాయన రోజూ పాలు సీసాలో ఇంటికి పంపితే వాళ్ళావిడ తోడుపెట్టేదట. ఆ పెరుగు ఇల్లంతా తిన్నారు. ఆ తోడు పక్కింటికీ పోయింది. నర్సు ఎదుటే తాగాలని మేము నియమం పెట్టాం. నర్సు ఎదుటే పంచుకున్నారు, నర్సుకు కూడా అప్పుడప్పుడు కాసిన్ని దక్కాయి. ఎదురుగా ఒక మనిషి కూర్చుని చూస్తుండగా గ్లాసు ఎత్తి ఒక్కరే తాగడం ఈ సీమలో ఎవరికీ చేతకాదు. నియమం రాసిన నాకూ చేతకాదు. మరి రాసేటప్పుడు నా బుద్ధి ఏ గడ్డి మేసిందో తెలియదు.

పాలు పంచుకుంటే గుర్తు పంచుకున్నట్టే. ఓబులమ్మ ఒంట్లో కొవ్వుకు కొడుకు గుర్తే ఉంది. ఆమె ఒంట్లో క్రిమి ముందు నుంచీ ఉండి, ఆ కొవ్వు తిని పడుకున్నా మిషన్ ఇదే చూపిస్తుంది. బాణానికి తోక ఎక్కడో, మొన ఎక్కడో ఇక ఎవరూ చెప్పలేరు. పటం మీదున్న బాణాలన్నిటికీ ఇదే గతి.

తేల్చుకునే దారి ఒక్కటే ఉంది. ఓబులమ్మ కఫంలో బతికున్న క్రిముల్ని పెంచి, కేశవులు కఫం నుంచి దాచిన వాటితో పోల్చాలి. ఆమెను ఆడవాళ్ళ వార్డులో చేర్చుకుని మాత్రలు మొదలుపెట్టాం. రోగం ఎవరిచ్చారో తేలేదాకా కోడలు ఇంట్లోకి రాకూడదని ఆమె ఆజ్ఞ. రెడ్డెమ్మ ఆ ఇంటి వసారాలోనే వండుకుంటూ, పిల్లతో అక్కడే పడుకుంటూ, రోజూ బస్సెక్కి అత్తకు క్యారియర్ తెచ్చేది. అత్త ఆ అన్నం తినేది గానీ పలకరించేది కాదు.

క్షయ క్రిమి పెరగడానికి తొందరేమీ ఉండదు. కోడిగుడ్డు సొన గడ్డకట్టించి, పచ్చరంగు కలిపిన గొట్టాల్లో వేస్తే వారాల తరబడి ఏమీ కనిపించదు. తర్వాత ఒక రోజు మీగడ రంగులో, పొడిపొడిగా, ముడతలు పడ్డ పొక్కులు లేస్తాయి. తల్లివీ కొడుకువీ ఒకే చట్రంలో పక్కపక్కన పెట్టాను. కేశవులు పోయాడు, దహనం అయిపోయింది, అస్థికలు ఏట్లో కలిపారు. అతని ఒళ్ళు తిని బతికినవి మాత్రం నా ముందు పచ్చటి గొట్టంలో పచ్చిగా పెరుగుతున్నాయి. ఆ గదిలో ఎన్ని ఏళ్ళు పనిచేసినా నాకెప్పుడూ భయం వెయ్యలేదు. ఆ రోజు వేసింది. ఆ గొట్టం వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయాను.

క్రిమి జన్యువులో నలభై నాలుగు లక్షల అక్షరాలుంటాయి. కాపీ తీసుకునేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పు దాని పిల్లలకూ మనవలకూ పోతుంది. కాబట్టి తప్పులు తక్కువున్నది పెద్దది, ఎక్కువున్నది దాని సంతానం. రెండూ చదివించాను. తల్లి క్రిమిలో ఉన్న ప్రతి తప్పూ కొడుకు క్రిమిలో ఉంది. కొడుకు దాంట్లో అదనంగా మరో మూడున్నాయి. అందులో ఒకటి మాత్రలను పనికిరాకుండా చేసేది. కొడుకు నుంచి తల్లికి వచ్చి ఉంటే ఆ మూడూ ఆమెలో కూడా ఉండాలి. ఒక్కటి కూడా లేదు.

ఆమె ఎక్స్‌రేలో మచ్చలు కూడా అతని జబ్బు కంటే ఎన్నో ఏళ్ళు పాతవి. జబ్బు తల్లి నుంచే కొడుక్కి వెళ్ళింది.

వరదాచారిగారు కాగితాలు రెండుసార్లు తిరగేసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "కోడలికి లేదని చెప్పు. అది నిజమే కదా. అంతవరకే చెప్పు, హైమా. మిగతాది ఆమెకెందుకు?"

నాకూ అదే మంచిదనిపించింది. వార్డు వసారాలో ఓబులమ్మ ఎండకు కూర్చుని ఉంది. మాత్రలు బాగా పనిచేశాయి, ఒంటికి కండ పట్టింది. రెడ్డెమ్మ అప్పుడే క్యారియర్ తెచ్చి, దూరంగా స్తంభానికి ఆనుకుని నిలబడింది. పిల్లను పక్కింట్లో వదిలి వచ్చిందట.

"పెద్దమ్మా, రెడ్డెమ్మ వల్ల రాలేదు. గట్టిగా తేలిపోయింది," అన్నాను.

"మరి యా తావ నుంచి వచ్చె?"

"అది... అది తెలియలేదు. మార్కెట్లో ఎక్కడైనా తగులుకుని ఉండొచ్చు."

ఓబులమ్మ నా ముఖంలోకి చూసింది. "దీనికి ల్యాదని తెలిసె. యా తావ నుంచి వచ్చిందో తెలియకపాయ. సగం తెలిసే మిషను మాట నేనెట్ల నమ్మేది పాపా? ఇది ఏడ్సింటే జాలిపడి అంటాండావు నువ్వు. నాకేం తెలియదనుకుంటివా? రేపు మా అన్నను పిలిపిస్తా. పిల్లను నేను పెట్టుకుని, దీన్ని వాళ్ళమ్మ కాడికి పంపిచ్చేస్తా. ఇంగ మాటల్లేవు."

రెడ్డెమ్మ స్తంభం పట్టుకుని కిందికి జారి కూర్చుండిపోయింది. ఏడవడానికి కూడా ఆమెకు ఓపిక ఉన్నట్టు లేదు.

అప్పుడు చెప్పాను. చెప్పకుండా ఆ పిల్లను తల్లి దగ్గర ఉంచే దారి నాకు కనిపించలేదు.

"నీ నుంచే పెద్దమ్మా. కేశవులుకు నీ నుంచే వచ్చింది."

ఆమె ఉలిక్కిపడలేదు. అర్థం కానట్టు చూసింది. నేను మెల్లగా విడమరిచాను. చిన్నప్పుడెప్పుడో నీ ఒంట్లో చేరి ఉంటుంది, అప్పుడప్పుడు లేచి దగ్గు తెప్పించి మళ్ళీ పడుకునేది, అలా లేచినప్పుడు ఒకసారి అతనికి సోకింది, తర్వాత అతని పాలు నువ్వు తాగడం వల్ల అతని గుర్తు నీలో కనిపించింది, అంతే తప్ప అతను నీలో లేడు, అన్నాను.

"పొయ్యి పొగ అనుకుంటి," అంది. "విస్తరాకులు కుట్టే దుమ్ము అనుకుంటి."

"నీకేం తెలుసు పెద్దమ్మా? నీ దాంట్లో ఉన్నది మామూలు మాత్రలతో పోయే రకం. అతని ఒంట్లోకి పోయాకే మొండికేసింది. అతను మధ్యమధ్యలో మాత్రలు మానేయడం వల్ల..."

ఓదార్పుగానే అన్నాను. దేవుడా, ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"మానిపిచ్చింది నేనే," అంది ఓబులమ్మ. "కడుపులో మంట మా అంటాండె. రెండు దినాలు ఆపు నాయనా, పెరుగన్నం తిను, తగ్గినాక మింగుదువులే అంటి. అట్ల ఎన్నిసార్లు అంటినో."

తర్వాత ఆమె కొంగు తీసి ముక్కూ నోరూ గట్టిగా కట్టేసుకుంది. నేను విప్పబోతే నా చెయ్యి తోసేసింది. గొంతు గుడ్డలోంచి వచ్చింది. "రెడ్డెమ్మా, ఇంటికి పో. ఇల్లు నీది, బిడ్డ నీది. నేను రాను."

రెడ్డెమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది. ఆమె కళ్ళలో కృతజ్ఞత ఉంటుందనుకున్నాను.

"ఎందుకు చెప్పితివి మేడం? నన్ను తోలేసింటే మా అమ్మ కాడ ఎట్లనో బతికేదాన్ని. బిడ్డ కోసం వచ్చి గేటు కాడ ఏడ్సి పోతాంటి. ఇప్పుడు ఈయమ్మ యాడికి పోవాల?"

 

లాబ్ గోడ మీది పటం దించేశాం. బాణాలు చెప్పిన ప్రతి ఇంటికీ వెళ్ళి, మేం చెప్పింది తప్పయి ఉండొచ్చని చెప్పాం. కొందరు మజ్జిగ ఇచ్చి పంపారు. ఒక ఊళ్ళో అన్నదమ్ములు మధ్య గోడ కట్టుకున్నారు, మమ్మల్ని ఏ గుమ్మంలోకీ రానివ్వలేదు. ఇంకో ఇంట్లో మేము వేలు చూపించిన ముసలాయన అప్పటికే బావిలో పడి పోయాడు. ఆయన కొడుకు మా మాట మొత్తం విని, "ఇప్పుడు ఇది ఎవరికి చెప్పాల సార్?" అని వరదాచారిగారిని అడిగాడు. 

ఓబులమ్మకు జబ్బు పూర్తిగా నయమైంది. ఆసుపత్రి వంటశాల వెనక వసారాలో ఉండి, క్యాంటీనుకు విస్తరాకులు కుట్టి ఇస్తోంది. ఇంటికి పొమ్మని నేను ఎంత చెప్పినా పోదు. రోజూ పొద్దున్నే లాబ్‌కు వచ్చి సంచిలోకి ఊదుతుంది. కాగితం ఖాళీగా వస్తుంది. నీ ఊపిరి నా ఊపిరి కంటే శుభ్రంగా ఉంది పెద్దమ్మా అంటాను. తల ఊపి వెళ్ళిపోతుంది. మనిషి ఎదురొస్తే మాత్రం గోడ వైపు తిరిగి ఊపిరి వదులుతుంది. విస్తరాకులు కుట్టేటప్పుడు కూడా మూతికి గుడ్డ కట్టుకునే కుడుతుంది. క్రిమిని చంపడానికి నా దగ్గర మందు ఉంది. దీనికి లేదు.

మొన్న ఆదివారం రెడ్డెమ్మ పిల్లను తీసుకుని వచ్చింది. పేరు జోషిత. రెడ్డెమ్మ అత్తకు తెచ్చిన చీర వంటశాలలో ఎవరికో చూపిస్తూ వెనకబడింది. పిల్ల ముందు పరుగెత్తింది. "జేజీ!" అని కేక వేస్తూ కంకర మీద వచ్చి, కాలు జారి బోర్లా పడింది. నేను అక్కడే ఉన్నాను. లేవనెత్తాను. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు చిమ్మింది. పిల్ల నా చేతులు విదిలించుకుని, కుంటుతూ వసారా మెట్టెక్కి, నాయనమ్మ ముందుకు మోకాలు చాపింది.

"ఉఫ్ అను జేజీ. మంటగా ఉండాది. ఉఫ్ అను."

ఓబులమ్మ చేతులు పిల్ల కాలు దాకా వచ్చి ఆగిపోయాయి. మూతి మీద గుడ్డ లోపలికీ బయటికీ ఆడుతోంది. వెనక్కి జరిగింది. గోడ తగిలేదాకా జరిగి, నా వైపు చూసింది.

"నువ్వు ఊదు పాపా. నీది మంచి ఊపిరి."

నేను పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. వంగాను. ఇరవై ఏళ్ళుగా ఈ కొండ మీద, ఈ వార్డుల్లో, ఈ గొట్టాల మధ్య తిరుగుతున్నాను. ఊరందరి చేతా ఊదించాను. ఆ ఆవిరి నేనెప్పుడూ పీల్చలేదు, ఆ సంచి నా నోటికెప్పుడూ పెట్టుకోలేదు. నాకెందుకు అవసరమనుకున్నాను. ఊపిరి గొంతు దాకా వచ్చింది. పిల్ల మోకాలు నా పెదవులకు జానెడు దూరంలో ఉంది. వదలలేకపోయాను.

జోషిత నా ముఖం చూసింది. గోడకు అంటుకుపోయిన జేజి ముఖం చూసింది. ఇద్దరమూ ఊదేట్టు లేమని అర్థమైనట్టుంది. మెట్టు మీద చతికిలబడి, కాలు రెండు చేతులతో దగ్గరికి లాక్కుని, తన మోకాలు తనే ఊదుకుంది.